మంచం నుంచి బాత్రూం దాకా

నీళ్ళ గోళీ మింగి మిర్చి తోటలో కాయ ఏరడానికి పోయిన ఆడమనిషి ఎవరైనా ఉంటే తెచ్చి నా ముందు నిలబెట్టండి. ఆమె కాళ్ళకు దండం పెడతాను.

బీపీకి మా ఊళ్ళో ఇచ్చే గోళీల్లో ఒకటి ఒంట్లో నీరు దింపేది. మేమంతా దాన్ని నీళ్ళ గోళీ అంటాం. వేసుకున్న కాసేపటికే ఒంటికి పోవాలి. వచ్చి కూర్చునేలోపే మళ్ళీ పోవాలి. మిర్చి తోట ఎంత ఏపుగా పెరిగినా నడుము దాటదు. సాళ్ళలో మేము, గట్టు మీద బస్తాలు కుట్టే మగవాళ్ళు, పక్కనే బండ్లు తిరిగే తోవ. ఇక చాటెక్కడిది? అందుకే కాయ ఏరుడు మొదలైందంటే మా వైపు ఆడవాళ్ళం ఆ గోళీని గూట్లో పెట్టేస్తాం. పొద్దున చాయ్ కూడా సగం గ్లాసుతో ఆపేస్తాం. ఇది ఒకరు నేర్పింది కాదు. అత్తలు చేశారు, మేము చేశాం, కోడళ్ళు చేస్తున్నారు.

దానికి నా ఎడమ చెయ్యి, ఎడమ కాలు పోయాయి. పోయి, కొంత తిరిగి వచ్చాయి. ఎట్లా వచ్చాయో, ఎక్కడ ఉంటే వచ్చాయో చెబుదామని రాస్తున్నాను. నేను మూడో తరగతి దాకే చదివాను. రాసింది, హాస్టల్లో ఉండి చదువుకునే నా మనవరాలు సెలవుల్లో వచ్చి దిద్దింది. అక్షరం దిద్దు, మాట మాత్రం ముట్టుకోకు అని చెప్పాను.

మాఘం

మాది బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న ఊరు. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు వెంకటేశ్వర్లు ఖమ్మంలో ఉద్యోగం చేస్తాడు. నా పొలం చెక్కను పక్కింటి మల్లయ్యకు కౌలుకిచ్చాను. కౌలుకిచ్చాను కదా అని కాళ్ళు చాపుకుని కూర్చోలేదు. అందరితోపాటు నేనూ కాయ ఏరేదాన్ని. కూర్చుంటే కీళ్ళు పట్టేస్తాయి, పోతే కూలీ వస్తుంది.

ఆ పొద్దు తోట మీద మంచు ఇంకా ఆరలేదు. ఎడమ చేతిలోంచి కాయలు జారిపోతున్నాయి. తడికి జారుతున్నాయి అనుకున్నాను. ఒక పక్కకు ఒరుగుతున్నాను. నడుముకు కట్టుకున్న సంచి బరువనుకున్నాను. మల్లయ్య భార్య లచ్చమ్మ పక్క సాలులో ఉంది. ఏదో అడిగితే జవాబు చెప్పాను. ఆమె నవ్వింది.

"ఏందొదినె, పొద్దుగాలనే కల్లు తాగొచ్చినవా? మాట ముద్ద ముద్దగ వస్తాంది."

తిడదామని నోరు తెరిచాను. తిట్టు బయటికి రాలేదు. మా వాడకట్టులో నా నోటికి భయపడని మనిషి లేదు. అట్లాంటి నోట్లో ఎవరో గుడ్డలు కుక్కినట్టయింది.

అందరూ చుట్టూ చేరారు. పరగడుపున వచ్చింది, కళ్ళు తిరిగాయి అని ఒకరు. కాయ ఘాటు తలకెక్కింది అని ఇంకొకరు. ఒకామె మజ్జిగ సీసా తెచ్చి నోట్లో పెట్టింది. సగం మూతి పక్క నుంచి కారిపోయింది. సగం గొంతుకు అడ్డం పడి ఊపిరి ఆడలేదు. ఇది చదివేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. మూతి వంకరపోయిన మనిషికి నోట్లో నీళ్ళు కూడా పోయకండి. మీరు దయతో పోసినా అది ప్రాణం తీస్తుంది.

మల్లయ్య అప్పటికే ఫోన్ తీశాడు. పావురం నెత్తురుతో మర్దనా చేసే ఆయన ఒకడున్నాడు, ఆయనకు కలుపుతున్నాడు. మా దగ్గర పక్షవాతం అనగానే ముందు పావురమే గుర్తుకొస్తుంది. లచ్చమ్మ ఆ ఫోన్ గుంజుకుంది.

"పావురం లేదు, గీవురం లేదు. బండి తియ్యి. భద్రాచలం దవాఖానాకు పోదాం, జల్దీ."

"బండ్ల బస్తాలెక్కించి ఉన్నయే."

"బస్తాల మీదనే పండవెడ్త. నువ్ ముందుగాల తియ్యి!"

మార్కెట్‌కు పోవాల్సిన ఎండు మిర్చి బస్తాల మీద పడుకుని నేను గోదావరి వంతెన దాటాను. లచ్చమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. ఘాటుకు మధ్యమధ్య తుమ్ముతోంది. వంతెన మీద గాలి కొట్టింది. మొహంలో కుడి పక్కే చల్లగా తగిలింది, ఎడమ పక్క తగలలేదు. నాకు అప్పుడు భయమేసింది. అంతకుముందు ఉన్నది భయం కాదు, కోపం.

దవాఖానా వసారాలో స్కానింగ్ గది ముందు చాలాసేపు ఉంచారు. నా చీరలో ఇంకిన కారానికి అటుపక్క ఇటుపక్క మనుషులందరూ దగ్గుతున్నారు. "ఈ ముసలామెను మిరపకాయలల్ల ఊరవెట్టిన్రా?" అని ఎవరో అంటే నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. సగం మొహంతో నవ్వితే చూసేవాళ్ళు భయపడతారని అప్పుడే తెలిసింది. పక్కన అడవి ఊరి నుంచి వచ్చిన ఒక ముసలామె భర్త మంచం పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు తెలుగు రాదు. నాకు ఆమె భాష రాదు, ఆ పూట నా తెలుగు కూడా రాదు. నా ఎడమ చెయ్యి మాటిమాటికీ మంచం మీద నుంచి జారి వేలాడుతుంటే ఆమె వచ్చి ఎత్తి నా పొట్ట మీద పెట్టి పోయేది. మళ్ళీ జారితే మళ్ళీ వచ్చేది. ఆ చెయ్యి నాదని నాకే గుర్తు లేదు. ఆమె మాత్రం గుర్తుంచుకుంది.

వెంకటేశ్వర్లు ఖమ్మం నుంచి ఉరికొచ్చాడు. డాక్టరు వాడి ముందే అడిగాడు, బీపీ గోళీ ఎందుకు ఆపావని. నేను గోడ వైపు చూశాను.

"నిర్లక్ష్యం సార్," అన్నాడు నా కొడుకు. "ఎంత చెప్పినా వినది."

ఆ మాట నాకు పక్షవాతం కన్నా గట్టిగా తగిలింది.

తర్వాత నర్సమ్మ పక్క మార్చడానికి వచ్చినప్పుడు, వచ్చీరాని మాటలతో ఆమెకు చెప్పాను. తోట, చాటు లేకపోవడం, గూట్లో గోళీ. ఆమె ముందు నవ్వింది. తర్వాత మంచం అంచున కూర్చుంది.

"అవ్వా, డ్యూటీల ఉంటే నేను గూడ నీళ్ళు తాగ. మా బాత్రూంకు గొళ్ళెం లేదు. మరి డాక్టర్ సార్‌కు చెప్తే వేరే గోళీ రాస్తడు గదా?"

"మొగ డాక్టరుకు, కొడుకు ముంగట ఎట్ల చెప్పాలె బిడ్డా?"

"నాకు చెప్పినవ్ గదా. నేను చెప్త తియ్."

చెప్పింది. గోళీ మార్చారు. నాలాంటివాళ్ళు ఇంకెందరో ఉంటారు. అమ్మలారా, గోళీ ఆపకండి. నోరు తెరిచి అడగండి. డాక్టరుకు చెప్పలేకపోతే నర్సమ్మకు చెప్పండి.

ఎండలు

ఖమ్మంలో కొడుకు కిరాయికి ఉండే ఇల్లు పైఅంతస్తులో. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా మోశారు. "దేవుణ్ణి ఊరేగించినట్టున్నది అమ్మా," అని కొడుకు నవ్వించబోయాడు. ఊరేగింపు అయ్యాక దేవుణ్ణి లోపల పెట్టి తాళం వేస్తారు కదా. నాకూ అదే జరిగింది.

కోడలు సునీత చెడ్డ పిల్ల కాదు. నా గదిలో ఫ్యాను పెట్టించింది. కారం లేని కూర వండి, అది తినలేక నేను మొహం పెడితే ఊరగాయ నూనె ఒక చుక్క వేసేది. నాలుక నెమ్మదిగా తిరిగింది. రెండు నెలల్లో మాట చాలావరకు వచ్చింది. వచ్చిన మాటతో ఏం మాట్లాడాలో తెలియలేదు. ఊళ్ళో అయితే వాకిట్లో కూర్చుంటే పోయేవాడు, వచ్చేవాడు, కోళ్ళు, కుక్కలు, అన్నిటితోనూ పని ఉంటుంది. ఇక్కడ ఎదురుగా గోడ, గోడ మీద టీవీ.

అన్నిటికన్నా కష్టం బాత్రూం. బాత్రూం గది పక్కనే ఉంది, మంచిదే. కానీ నేల అద్దంలా మెరుస్తుంది. కాలు పెడితే ఎటు పోతుందో తెలియదు. పోవాలన్నప్పుడల్లా "సునీతా" అని పిలవాలి. ఆమె పొయ్యి ఆర్పి వచ్చేది. తింటున్న కంచం వదిలి వచ్చేది. నా చంక కింద చెయ్యి పెట్టి లేపేటప్పుడు ఆమె నడుము కటుక్కుమన్న చప్పుడు నాకు వినిపించేది. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నేనూ నాలుగు మాటలని, మళ్ళీ పిలిచేదాన్ని. విసుక్కోని మనిషిని ఎన్నిసార్లని పిలవగలం?

అందుకని నీళ్ళు తాగడం తగ్గించాను. చాయ్ ఇస్తే బాల్కనీలో తులసి కుండీలో పోసేదాన్ని. తోటలో చాటు లేక తాగలేదు. ఇక్కడ చాటు ఉండి కూడా తాగలేదు.

చివరికి చలిజ్వరం వచ్చింది. పరీక్షలు చేసి, నీళ్ళు తాగక మూత్రంలో చీము చేరిందని చెప్పారు. ఇంటికి రాగానే కొడుకు లేచాడు.

"ఏందమ్మా గిది? నీళ్ళ కాడ గూడ పిసినారితనమేనా?"

"నీ పెండ్లాం నడుము ఇరుగుతాంది. కండ్లకు కనవడ్తలేదా నీకు?"

"అది అన్నదా నీతోని?"

"అనలే. అంటే మంచిగుండు."

తలుపు దగ్గర సునీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. "నేనేమన్న తక్కువ చేసిన్నా అత్తమ్మా?"

"తక్కువ చెయ్యలే బిడ్డా. గదే నా తిప్పలు. నన్ను ఊర్ల దించుండ్రి."

కొడుకు తల పట్టుకున్నాడు. "ఒక్కదానివి ఎట్లుంటవ్? బాత్రూం వాకిలి చివరన ఉన్నది. నేలంత ఎగుడుదిగుడు. పడ్తే ఎవలు లేపుతరు?"

"పడ్తే లేస్త."

"గవి మాటలే అమ్మా."

"మాటనే. నాకు పోయిన మాట తిరిగొచ్చింది గదా, గందుకే మాట్లాడుతున్న. ఇను. మంచం కాడికెల్లి బాత్రూం దాకా నా అంతట నేను పోవాలె, రావాలె. గదొక్కటే నాకు గావాలె. నీ ఇంట్ల గది అయితలేదు. నా ఇంట్ల అయితది."

"కాకపోతే?"

"కాకపోతే నువ్ చెప్పినట్టు ఇంట."

 చివరికి వాడన్నాడు, "ఒక్కసారి నువ్ పడ్డవని నాకు తెలిసినా ఆ పొద్దే తీసుకొస్త. మళ్ళ లొల్లి వెట్టొద్దు." సరేనన్నాను. ఒప్పుకున్నానే గానీ భయమేసింది. ఎందుకంటే పడతానని నాకు తెలుసు.

వ్యాయామం చేయించే అమ్మాయి ఇంటికి వచ్చేది. నడక నేర్పుతానంది. "నడక తర్వాత. ముందుగాల పడ్డంక లేసుడు నేర్పు," అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. అట్లా ఎవరూ అడగలేదట. కింద పరుపు వేసి నేర్పింది. మంచి చెయ్యి వైపు తిరగాలి. మోచేతి మీద లేవాలి. మోకాళ్ళ మీదికి రావాలి. దేన్నైనా పట్టుకుని మంచి కాలు ముందు మోపాలి. సునీత కూడా పక్కన పడుకుని నేర్చుకుంది. అత్తాకోడళ్ళం ఇద్దరం పరుపు మీద దొర్లుతుంటే నా కొడుకు చూడలేక గదిలోంచి బయటికి పోయేవాడు.

మిరుగు

మిరుగు కార్తె తొలి చినుకులు పడగానే ఇంటికి వచ్చాను. ఇల్లంతా చెదలు, బొద్దింకలు. గుమ్మంలో కూర్చుని కుడిచేత్తో నేల తడిమాను. అరచేతికి గరుకుగా తగిలింది. ఈ నేల మీద కాలు జారదు అనుకున్నాను.

బాత్రూం దాకా పట్టుకుని నడవడానికి ఊత కావాలి. కొడుకు స్టీలు పైపులు పెట్టిస్తానన్నాడు. మా పశువుల కొట్టం కూలి, వెదురు బొంగులు ఊరికే పడి ఉన్నాయి. వాటిని వదిలి స్టీలెందుకు? మల్లయ్యను పిలిచాను.

"పట్టుకోనీకా అక్కా, పందిరికా?" అన్నాడు గుంతలు తీస్తూ.

"రెంటికి. బొంగులు ఊకె నిలవడి ఏం జేస్తయ్? మొదట్ల చిక్కుడు గింజలు పెట్టు."

సాయంత్రానికల్లా గుమ్మం పక్కనే వేసుకున్న నా మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా కుడిపక్క బొంగుల వరుస నిలబడింది. అందరూ చూస్తుండగా పట్టుకుని నడిచాను. బాత్రూం తలుపు దాకా పోయాను. లచ్చమ్మ చప్పట్లు కొట్టింది. తిరిగి రాబోతే వరుస నా ఎడమ పక్కకు వచ్చింది. చచ్చుపడిన చెయ్యి దాన్ని పట్టుకోదు. అక్కడే నిలబడిపోయాను. పోవడం గురించి అందరం ఆలోచించాం గానీ రావడం గురించి ఒక్కరమూ ఆలోచించలేదు.

"వదినె, ఇగ గాడ్నే కాపురం పెట్టు," అని లచ్చమ్మ పడీ పడీ నవ్వింది. మల్లయ్య మర్నాడు వచ్చి రెండో పక్క కూడా బొంగులు పాతాడు. రెండు వరుసలయ్యాయి కాబట్టి పైన అడ్డకర్రలు వేశాడు. నిజంగానే పందిరి అయింది.

సీటు చిల్లిపడిన పాత ప్లాస్టిక్ కుర్చీ ఒకటి అటక మీద ఉండేది. పారెయ్యకుండా దాచినందుకు మా ఆయన బతికున్నప్పుడు నన్ను ఎగతాళి చేసేవాడు. ఆ చిల్లిని పెద్దది చేసి బాత్రూంలో వేయించాను. నేను ఏదీ పారెయ్యను.

ఊరికే ఎవరి చేత పని చేయించుకోవడం నాకు పడదు. లచ్చమ్మ పొద్దున బిందెడు తాగే నీళ్ళు తెచ్చి పెడుతుంది. బదులుగా వాళ్ళింటి బియ్యంలో రాళ్ళు నేను ఏరతాను, అదీ ఎడమ చేత్తోనే. ఖమ్మంలో ఆ అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. బంతి పిసికితే ఏమొస్తుంది, బియ్యం ఏరితే అన్నమొస్తుంది. మొదట్లో వేళ్ళు రాయిని ఎత్తి మళ్ళీ బియ్యంలోనే పడేసేవి. "వదినె, రాళ్ళు ఏరుతున్నవా, కలుపుతున్నవా?" అనేది లచ్చమ్మ. వాళ్ళింట్లో ఆ నెలంతా అన్నం కరకరలాడింది. అయినా బియ్యం చేట నా ముందు పెట్టడం మానలేదు. ఆ మేలు నేను మర్చిపోను.

ఆశా వర్కరు వారం వారం వచ్చి బీపీ చూసేది. ఎదురింటివాళ్ళు పొద్దున నా తలుపు తెరుచుకుందా లేదా అని ఒక కన్నేసేవాళ్ళు. నేను వాళ్ళ కోళ్ళను కాసేదాన్ని. ఇట్లా గడిచింది. అన్ని రోజులూ ధైర్యంగా లేను. ముసురు పట్టినప్పుడు కాలు మొద్దులా అయ్యేది. ఒకసారి బాత్రూంలో నల్లా విప్పుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చాను. ఏడ్చాక నల్లా కట్టేశాను. నీళ్ళు వృథా అవుతున్నాయి.

కార్తీకం

తుఫాను ముసురు వదిలిన మర్నాడు కొడుకు, కోడలు చూడ్డానికి వచ్చారు. చిక్కుడు తీగ పందిరంతా కమ్మి ఊదా పూలు పూసి ఉంది. లచ్చమ్మ కూడా వచ్చి కూర్చుంది. నేను ఒంటికి పోవడానికి లేచాను. వెంకటేశ్వర్లు వెంట రాబోయాడు.

"కూసో. నువ్ నీళ్ళు తాగు," అన్నాను కొంచెం గర్వంగా.

సగం దూరం పోయాను. రాత్రి గాలికి ఒక కొమ్మ తెగి పందిరి కింద పడి ఉంది. తడి ఆకుల మీద ఎడమ కాలు పడింది. పట్టుకున్న బొంగు చేతిలోంచి జారింది. తిరిగి చూసేసరికి నేల నా చెంపకు ఆనుకుని ఉంది.

అందరూ లేచిన చప్పుడైంది. కొడుకు "అమ్మా!" అని ఉరికాడు. లచ్చమ్మ అడ్డం పడింది.

"ఆగు నాయినా. జర ఆగు. గామె సంగతి గామెను సూస్కోనియ్యి."

"ఇడువు లచ్చత్తా, ఇడువు నన్ను!"

నాకు అన్నీ వినిపిస్తున్నాయి. మోచెయ్యి మండుతోంది. నోట్లో మట్టి. వాడి చెయ్యి నా మీద పడిందంటే ఈ ఇల్లు నాది కాదు. అది ఒక్కటే తెలుసు. మంచి పక్కకు తిరిగాను. మోచేతి మీద లేచాను. ఎడమ మోకాలు రానంది, దాన్ని కుడిచేత్తో లాగి కిందికి పెట్టుకున్నాను. బొంగు అందింది. మంచి కాలు మోపాను. లేవలేకపోయాను. మళ్ళీ మోపాను. పందిరి మొత్తం ఊగి చిక్కుడు పూలు నెత్తిన రాలాయి. నిలబడ్డాను.

వెనక్కి తిరిగి చూడలేదు. వచ్చిన పని మిగిలి ఉంది కదా. బాత్రూంకు పోయి, పని చూసుకుని, మొహం కడుక్కుని, రెండో వరుస పట్టుకుని తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాను.

"దెబ్బ తగిలిందా?" అన్నాడు కొడుకు. 

"తగిలింది. అయితే ఏంది?"

"పడ్డవు గదమ్మా. మాట అనుకున్నం గదా."

మాట నేనే ఇచ్చాను. తప్పే మనిషిని కాను. చీర మడతలు సర్దుకున్నాను. బట్టల సంచి ఎక్కడుందో చెప్పబోతుండగా సునీత అంది, "పడుడు పెద్ద సంగతా? నేను మన బాత్రూంల పడ్డ, పోయిన నెల. నీకు చెప్పలే."

"నువ్వా? ఎప్పుడు?"

"నువ్ ఆఫీసుకు పోయినంక. అత్తమ్మతోని నేర్చుకున్న తీరు యాదికొచ్చి గట్లనే లేచిన. నన్ను గూడ మా అమ్మగారింటికి తోలుతవా మరి?"

లచ్చమ్మ కొంగుతో మూతి మూసుకుంది. నా కొడుకు సునీత వంక చూశాడు, నా వంక చూశాడు. తర్వాత లేచి చీపురు తీసుకుని పందిరి కింద ఆకులు ఊడవడం మొదలుపెట్టాడు. ఊడ్చి, బూడిద చల్లాడు. జారుడుగా ఉన్నచోట రాళ్ళు పరిచాడు. పొద్దు వాలే దాకా చేశాడు. పోయేటప్పుడు సంచి సంగతి ఎత్తలేదు. "పడ్తే చెప్పు. తీసుకపోను, ఊకె చెప్పు," అన్నాడు.

మళ్ళీ కాయ ఏరుడు

వచ్చే ఏటి కౌలు మాట్లాడడానికి మల్లయ్య వచ్చాడు. ఈసారి ఒక షరతు పెట్టాను.

"తోట మొదట్ల తడక కట్టాలె. నాలుగు గుంజలు, చుట్టు పాత చీరలు. లోపట నీళ్ళ డ్రమ్ము, చెంబు."

"ఎందుకక్కా తోటకు గీ సోకులు? ఊరంత నవ్వుతరు."

"నవ్వనియ్యి. మొగోళ్ళకు ప్రతి చెట్టు ఒక చాటే. నీ పెండ్లాం పొద్దంత బిగవట్టుకోని నీ కాయ ఏరుతది, ఎరుకేనా నీకు? తడక లేకపోతే తోట లేదు. ఇంకోలకిస్త."

మల్లయ్య లచ్చమ్మ వంక చూశాడు. ఆమె తల దించుకుంది కానీ కాదనలేదు. తడక లేచింది. చీరలు నావే, ఉతికి దాచినవి. అడవి అవతలి నుంచి కాయ ఏరడానికి వచ్చిన ఆడపిల్లలు మొదటి పొద్దు దాని చుట్టూ తిరిగి చూసి, వాళ్ళ భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. రెండో పొద్దుకల్లా పక్క తోటల ఆడవాళ్ళు కూడా అక్కడికే రావడం మొదలైంది. పక్క తోట ఆయన వచ్చి మల్లయ్యతో తగాదా పెట్టుకున్నాడట, మా కూలీలను ఆగం చేస్తున్నావని. ఇప్పుడు ఆయన తోటలోనూ ఒక తడక ఉంది.

నేను తోటకు పోలేను. అందుకని కల్లాన్నే నా వాకిట్లోకి తెప్పించాను. పట్టాల మీద కాయ ఆరబోస్తారు. కోళ్ళు కెలక్కుండా, మబ్బు వస్తే కేక వేస్తూ కాపలా కాస్తాను. రంగు పోయిన తాలు కాయలు ఏరి పక్కన పెడతాను, ఎడమ చేత్తో. ఇప్పుడు తాలు తాలులోనే పడుతోంది, మంచికాయ మంచికాయలోనే పడుతోంది. పొద్దున ఆడవాళ్ళు నా వాకిలి ముందు నుంచే తోటకు పోవాలి. గోళీలు ఉన్నవాళ్ళు వేసుకున్నారా లేదా అడుగుతాను. చెంబెడు నీళ్ళు తాగనిదే ఎవరినీ కదలనివ్వను. "పోలీస్ స్టేషన్ లెక్కున్నది గీ ఇల్లు," అని గొణుగుతారు. గొణుక్కుంటూనే తాగుతారు.

నిన్న మునిమాపున పని నుంచి వచ్చి కాయ గుమ్మరించి, అందరూ నా వాకిట్లోనే కూలబడ్డారు. ఒకరి నడుము ఒకరు పట్టుకుంటూ, ఒకరి మీద ఒకరు జోకులు వేసుకుంటూ ఉన్నారు. నేను తాలు చేట పక్కన పెట్టి లేచాను. కుడిచెయ్యి బొంగును అందుకుంది.

లచ్చమ్మ చూసింది. "వదినె, తోడు రావాల్నా?"

"తోడెందుకు? గా గిన్నె ఇయ్యి. వచ్చేటప్పుడు చిక్కుడుకాయ తెంపుకొస్త, కూరకు."

గిన్నె చంకన పెట్టుకుని పందిరి కిందికి పోయాను.